డాక్టరమ్మ అడిగిన మాట

1968. నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు కోసం చూస్తున్న ఆలుమగలు. దవాఖానలో డాక్టరమ్మ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టుకుని, వాళ్ల గొడవ విని పంపింది.

"డాక్టరమ్మతోని గంటసేపు మాట్లాడినవ్. ఇంట్ల నాతోని నాలుగు ముక్కలు మాట్లాడవ్," అంది భార్య.

"ఆమె అడిగింది, చెప్పిన."

"నేను అడుగుతలేనా?"

"షిఫ్టు దిగినంక ఎవలింటికి పోయినవని అడుగుతవ్. అంగి వాసన సూస్తవ్."

"మరి ఏడికి పోతున్నవ్?"

"చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడనే కూసుంటున్న. ఇంటికొస్తే లొల్లి అని."

"గీ ముచ్చట నాకు చెప్పకుండ ఆమెకు చెప్పినవ్! గంత మంచిగ ఏమడిగింది?"

"అలిసిపోయినవా అని అడిగింది."

భార్య అతని అంగీ గుండీ పెట్టింది.

"అలిసిపోయినవా?"

"అలిసిన."

"ఆమె గూడ గిట్లనే అడిగిందా?"

"లేదు. ఆమె కాగితం సూసుకుంట అడిగింది."