ఈరమ్మత్తను తీసేసిన నవల

“అవ్వా, నా నవల్లో మగ్గాల వీధి ఆమెకు తోడెవరూ లేరు. అట్లుంటేనే కదా చదివేవాళ్లకు ఏడుపొచ్చేది?”

ఏమంటివి? ఇంగొగసారి సెప్పు. తోడెవరూ లేరా? వీధి నిండా జనముంటే యాడికి పోయినారే అందరూ? ఆ కాగితాలు పక్కన పెట్టి ఇట్ల కూసో. ఈ కోపం నీ మింద కాదులే, పాతది.

కర్నూలు రాజధానిగా ఉన్న దినాలవి. ఎమ్మిగనూరులో మాది నేసే ఇల్లు. నాకు పదేండ్లు, కాదు కాదు, పన్నెండు, మా సెల్లెలు అప్పటికే నడుస్తాంది. ఆదోని నుంచి ఒకాయన బస్సు దిగొచ్చినాడు, పత్తి మండీలో గుమాస్తా. నేతోళ్ల మింద నవల రాస్తానన్నాడు. మాయమ్మ మురిసిపోయి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టింది. అప్పుడు అణా ఇస్తే ఒడి నిండా బొరుగులొచ్చేవిలే. ఆయన తింటా ఉంటే మాయమ్మ వాన కత సెప్పింది.

ఏం వానంటావా? మా ఎదురింట్లో ఈరమ్మత్త ఉండేది. సుట్టం కాదు, పిలుపుకు అత్త. ఆమె మేక మా గంజి తాగేసిందని మాయమ్మకూ ఆమెకూ ఏడాదిగా మాటల్లేవు. ఒగ పొద్దున వీధి పొడుగునా పడుగు పోగులు సాపి, నూలుకు గంజి పెట్టినాం. నాయన ఊర్లో లేడు. ఉన్నట్టుండి వాన. గంజి పచ్చిగా ఉండంగ తడిస్తే ఆ నూలు ఇంక మగ్గమెక్కదు, నెల తిండి పోయినట్టే. మాయమ్మ కొయ్యబారిపోయింది. ఈరమ్మత్త పరుగెత్తుకోనొచ్చి, “గుడ్లప్పగించి సూస్తావేంది వదినా, ఆ కొన పట్టు!” అనె. ఇద్దరూ సుట్టి లోపలేసినారు. అంతలో ఆమె మిద్దె మింద మిరపకాయలన్నీ తడిసి ముద్దైపోయినాయి. వాటి జోలికే పోలేదు మహాతల్లి.

నవల అచ్చయినాక బడి అయ్యవారు అరుగు మింద కూసోని వీధికంతా సదివి వినిపించినాడు. తన సంగతొస్తాదని ఈరమ్మత్త అందరికంటే ముందు కూసుండె. వానొచ్చింది. పడుగు తడిసింది. “వీధిలో ఒక్క మనిషీ రాలేదు, ఆమె కన్నీళ్లు వానలో కలిసిపోయాయి” అని సదివినాడు.

ఈరమ్మత్త లేసి నిలబడి, మాయమ్మ తట్టు తిరిగి, “ఆయప్పకు ఇట్లనే సెప్పినావా?” అనింది.

“నా బిడ్డల మింద ఒట్టు వదినా, నీ మిరపకాయల సంగతి గూడా సెప్పినా.”

“అచ్చులో అబద్ధమెట్ల పడతాది?” అని ఎల్లిపోయె.

మాయమ్మ నన్ను ఎంటబెట్టుకోని ఆదోనికి పోయి, మండీలోనే ఆ గుమాస్తాను నిలేసింది. ఆయన నగుతా, “ఆమెను పెడితే చదివేవాళ్లకు ఏడుపు రాదమ్మా” అన్నాడు. “ఏడుపు కావల్లంటే మీ ఇంట్లో ఎతుక్కో! నాకోసం వచ్చిన ఒక్క మనిషిని తీసేస్తివి కదరా!” అని మాయమ్మ అరిస్తే, పత్తి బేళ్లు మోసేటోళ్లంతా నిలబడిపోయినారు.

నేను ముప్పై దాటినాక అక్షరాలు నేర్చుకుంటి. మొదట ఆ పుటే ఎతికినా, అయ్యవారే తప్పు సదివినాడేమోనని. లేదు, నల్లగా అట్లనే ఉంది. ఇంత సిన్న అక్షరాలు ఒగ మనిషిని వీధిలోంచి ఎట్ల తరిమేసినాయో, ఇప్పటికీ వింతే నాకు.

ఈరమ్మత్త మల్లా మా పడుగు పట్టలేదు. మాయమ్మ పోయిన దినం మాత్రం వచ్చింది. గడప బయటే నిలబడి, “నేనొచ్చినాను. ఎవరన్నా రాసుకోండప్పా” అనింది.

రాయి తల్లీ, నీ సెయ్యి సల్లగుండ. ఏడిపించు, వద్దనను. ముందు మనుషుల్ని రానీ...