సగం చేప బొమ్మ

స్పెయిన్‌లోని పాంప్లోనా ఊళ్ళో ఒక వంటింట్లో ఆయన వెల్లుల్లి వలుస్తున్నాడు. ఆవిడ శాంటియాగో పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్ళినవాళ్ళు రాసిన పుస్తకాల్లో ఒకటి చదువుతోంది.

“ఏవండీ, దొరికింది! యాత్ర దారిలో ఇనప సిలువ కింద, యాత్రికులు పెట్టిన రాళ్ళలో సగం చేప బొమ్మున్న నీలం టైలు ముక్క చూశాడట ఈయన. మిగతా సగం మన గోడమీదేగా!”

“ఆ పుస్తకాలు చాలించవే.”

“ఇంటినుంచి రాయి తీసుకెళ్ళి అక్కడ పెట్టాలని మన అబ్బాయి ఉనాయ్ ఆ ముక్కే పట్టుకెళ్ళాడు. అంటే అక్కడిదాకా నడిచాడండీ! ఇవతల కొండల్లో తప్పిపోలేదు.”

“వాడి సంచి ఇవతల వాగులోనే దొరికిందే. పోలీసులు నాకిచ్చారు. ముక్క అందులోనే ఉంది.”

“మరి అక్కడికెలా వెళ్ళింది?”

“మా చెల్లెలింటికని చెప్పి వెళ్ళాను చూడు, అప్పుడు నేనే పెట్టొచ్చాను.”

“ఆ మోకాళ్ళతో నడిచా?”

“బస్సులో.”

ఆవిడ పుస్తకం మూసింది.

“వెల్లుల్లి ఇంక చాలు. తినేది మనిద్దరమేగా.”