కింది వరస

కెనడాలో, మానిటోబా మైదానంలో, లోకానికి దూరంగా ఉమ్మడిగా బతికే హటరైట్ క్రైస్తవుల కాలనీ ఒకటి. అందరికీ ఒకే వంటిల్లు, ఒకే గంట, ఒకే దేవుడు. వేసవి సెలవుల్లో బడిగదికి లోపల్నుంచి గొళ్ళెం పెట్టుకుని, పంతులమ్మ జూడిత్, ఆమె చిన్నాన్న కొడుకు డేరియస్ కంప్యూటరు ముందు కూర్చున్నారు. కాలనీలో కరెంటు పనులన్నీ డేరియస్‌వే.

“ఎవరూ చూళ్ళేదుగా నువ్వు రావడం?”

“చూస్తే ఏం? ఫ్యూజు పోయిందంటాను. ముందు నువ్వు ఆ ఈక తీసెయ్యి అక్కా, తలగుడ్డ మీద బాతు ఈక వేలాడుతోంది.”

“ఈక సంగతి తర్వాతరా! అక్కడ ఆడవాళ్ళందరూ బాతులు పీకుతుంటే, కడుపునొప్పని అబద్ధమాడి వచ్చాను. ప్రార్థన గంట కొట్టేలోపు కానివ్వు. ప్రార్థనకి వెళ్తూ నాన్న ఇటొచ్చి ఆన్ చేసేసరికి ఆ రెండు వరసలూ తెర మీద కనపడకూడదు.”

“పెదనాన్నే వస్తాడా?”

“మిగతా కంప్యూటర్లన్నీ, కాలనీ పెత్తనం చూసే పాల్ మామయ్య తనిఖీ చేస్తాడట. బడిలోది మాత్రం నేనే చూస్తానని నాన్న పట్టుబట్టాడట. నా ఖర్మ.”

“బోధకుడి కూతురివి మరి. ముందు నిన్నే పట్టుకోవాలి కదా.”

“వేళాకోళం ఆపరా. దొరికానంటే ఇందులో దొంగచాటుగా చదువుతున్న నర్సు చదువు అంతటితో సరి. వచ్చే నెలే పరీక్ష. ప్రార్థన గదిలో అందరి ముందూ నిలబెట్టి, ఆ మీద వంటింట్లోకి తోస్తారు. ఇంక జన్మంతా అందులోనే.”

“సరే సరే. ఇదిగో, వచ్చాయి రెండు వరసలూ. పైన విండోస్, పెద్దలు వడపోత పెట్టించింది. కింద లినక్స్, నీ దొడ్డిదారి.”

“నువ్వు పెట్టిచ్చిన దొడ్డిదారి.”

“మా బాగా గుర్తు! చూడు, అయిదు సెకన్లు ఆగి, వెలుగుతున్న వరసలోకి తనే వెళ్ళిపోతుంది. ఆ అయిదు సెకన్లూ తీసేసి మెనూ దాచేశానంటే…”

“దాచెయ్! దాచెయ్!”

“వినవమ్మా తల్లీ. దాచేస్తే నేరుగా విండోసే వస్తుంది. నీకు కిందది కావాలంటే ఆన్ చెయ్యగానే ఎస్కేప్ మీట టక్కున నొక్కాలి. ఒక్కసారే. కంగారుపడి రెండుసార్లు నొక్కావో, నల్లతెర వచ్చి కూర్చుంటుంది. మళ్ళీ డేరియస్ డేరియస్ అని పందుల షెడ్డు దాకా పరిగెత్తుకు రావాలి.”

“ఒక్కసారే నొక్కుతాను. కానివ్వు.”

“అక్కా.”

“ఊఁ?”

“క్రితం సారి దేంట్లోంచి ఆపావు?”

“విండోస్‌లోంచే. చివరికి ఏది ఎంచుకుంటే వెలుగు దాని మీదే నిలబడుతుందని నువ్వే చెప్పావుగా. వెళ్ళే ముందు పైదాంట్లోకి ఒకసారి వెళ్ళి ఆపేస్తాను, ఎప్పుడూ.”

“మర్చిపోయావేమో.”

“ప్రార్థనన్నా మర్చిపోతాను గానీ ఇది మర్చిపోను. ఏం?”

“వెలుగు కింద ఉంది.”

“కిందెందుకుంటుంది?”

“నన్నడిగితే? ఉంది, చూడు.”

“నువ్వు వచ్చావా?”

“నేనా! ఈ వారమంతా పందుల షెడ్డులో మోటారుతో కుస్తీ పడుతున్నాను. నువ్వు?”

“బాతుల పని మొదలైనప్పట్నుంచీ నేనీ గది మొహమే చూళ్ళేదు. పిల్లలకి సెలవులు. తాళంచెవి నా దగ్గరే ఉంది.”

“రెండో తాళంచెవి?”

“నాన్న దగ్గర. అయిపోయింది. అయిపోయిందిరా డేరియస్. ఇంక దాచి ఏం లాభం.”

“ఏడవకు. ఏం చూశాడో చూద్దాం ఉండు.”

“తెరవకు!”

“మెనూ మార్చాలన్నా ఎలాగూ లోపలికి పోవాలి. పాస్‌వర్డ్ పెట్టుకోవే అని ఆనాడే మొత్తుకున్నాను. అబ్బే, వింటేగా. ఇదేంటి, అక్షరాలు ఇంతింత లావున్నాయి?”

“ఏవి?”

“పేజీ నిండా. ఒక్కోటి గుమ్మడికాయంత.”

“నాన్నే. ఇంట్లో ప్రసంగాలు చదువుకోడానికి అలా పెద్దవి చేసుకోవడం నేనే నేర్పాను. ఈ మధ్య చూపు బొత్తిగా ఆనడం లేదు. నా పాఠాలు… చూశాడా?”

“చూశాడు. చూసినవాటి జాబితాలో ఉంది, మంగళవారం అని.”

“మంగళవారమా! రోజూ పొద్దున్నే నా చేతి కాఫీ తాగుతూ ఒక్క మాట అనలేదే! ఒక్క మాట!”

“అవి చూసింది ఆ ఒక్కసారే. మిగతాదంతా వేరే.”

“వేరే ఏంటి?”

“నువ్వే చూడు.”

“చెప్పరా, చచ్చిపోతున్నాను ఇక్కడ.”

“జోషువా అన్నయ్య.”

“ఏ జోషువా?”

“మన జోషువానే. మీ అన్నయ్య. ఆల్బర్టాలో చమురు బావుల దగ్గర. ఎవరో పెట్టిన ఫోటోలు. బుధవారం చూశాడు, గురువారం చూశాడు, నిన్నా చూశాడు. అదే ఫోటో, చంకలో బిడ్డ ఉన్నది.”

“బిడ్డా? అన్నయ్యకా?”

“ఆడపిల్ల. అచ్చం పెద్దమ్మ ముక్కు.”

“అన్నయ్య పారిపోయిన ఆదివారం, ఆ పేరు నా ఇంట్లో ఎవరూ ఎత్తొద్దని అందరి ముందూ చెప్పింది ఈయనేరా! అమ్మ వలవలా ఏడుస్తుంటే లేచి అవతలికి పోయాడు.”

“ఆయనే. ఏం చేస్తాడు మరి.”

“పై వరసలో ఈ ఫోటో రాదా?”

“వడపోత రానివ్వదు. కిందొక్కటే.”

“అందుకా… అందుకా బడిలోది నేనే చూస్తానని పట్టుబట్టింది.”

“పోనీ, వెళ్ళి మాట్లాడు ఆయనతో.”

“ఏమని? నేను నోరు తెరిస్తే ఆయన ఫోటో బయటపడుతుంది. ఆయన నోరు తెరిస్తే నా చదువు. ఒక్క ఇంట్లోనే ఉంటాం, ఒక్క బల్ల మీదే కాఫీ తాగుతాం, మాట్లాడుకోడానికి లేదు. ఛీ, ఏం బతుకురా ఇది.”

“అదుగో, గంట. త్వరగా చెప్పు, దాచెయ్యనా?”

“దాచేస్తే ఆయనకి?”

“ఎస్కేప్ సంగతి ఆయనకేం తెలుసు. ఇంక తలుపు మూసేసినట్టే. దాచకపోతేనేమో, రేపెప్పుడైనా పాల్ మామయ్య కంటపడిందా, నీ చదువుకి నీళ్ళు వదులుకోవడమే. బాగా ఆలోచించుకో.”

“ఉండరా, ఆలోచించనీ.”

“అక్కా! వచ్చేస్తాడు. మెట్ల దగ్గర చప్పుడవుతోంది.”

“అయిదు సెకన్లన్నావు కదూ?”

“అవును, అయిదు.”

“వెలుగు పైకి పెట్టాక ఆ కాస్తలో నాన్న కింది వరస వెతుక్కోలేడురా, చూపు ఆనదు. ముప్పై చెయ్యి.”