వైకింగాయన ఆ పిల్లను పంపించిన కత

“అవ్వా, ఈ మేడం ఎట్లాంటి మనిషి? అరుస్తాదా?”

అరవదు మే. కూచో. ఆ మెంతాకు కట్ట ఇట్లా లాగు, ఇద్దరం గిల్లుదాం. చేతులు పనిలో ఉంటేనే నాకు నోరు బాగా ఆడతాది. అరిసే మామాల, అదే అరబ్బీ ఇంటామెల ఇండ్లల్లో నేను చానా ఏండ్లు చేసినా, ఈయమ్మ అట్లాంటిది కాదు. విజయవాడ మనిషి, మెల్లగా మాట్లాడతాది. “అవ్వా, కొంచెం టీ పెడతావా, నీకు వీలైతేనే” అంటాది. వీలు కాక యాడికి పోతాం, వంటింట్లోనే ఉంటిమి గదా. అయినా అట్లా అడిగితే మనసుకు బాగుంటాది, అబద్ధం ఎందుకు చెప్పల్ల.

ఈమె ఎట్లాంటిదో తెలియాలంటే నీకు ఆ వైకింగాయన సంగతి చెప్పాల. వైకింగు అంటే ఎవురో తెలుసునా? నాకూ తెలీదు అప్పుడు. చలి దేశాల నుంచి ఓడలేసుకోని వచ్చి, ఊర్లు కాల్చి, దొరికింది దొరికినట్టు మూటగట్టుకోని పోయే దొంగలంట. వెయ్యేండ్ల కిందటి మాట. వాళ్లల్లో ఒగాయన, పేరు తోర్‌స్టెనో ఏందో, నాకు నోరు తిరగదు, నేను గడ్డపాయన అంటా. ఎర్రగడ్డం, ఇంత పొడుగు. ఆయన ఐలా అని ఒగ పిల్లను ఎత్తకపోతాడు. ఆ పిల్లకు చెర, ఆయనకు ప్రేమ. నిజం కాదులే, మేడం రాసిన కత. ఫోన్లో కతలు పెట్టే యాపు ఉండాది, దాంట్లో వారం వారం ఒగ భాగం పెడతాది.

ఆమె ఊర్లో ఇంజనీరు చదివింది మే. సారుకు ఈ అరబ్బు దేశంలో ఉద్యోగం, ఈమె వీసా మొగుని మీద. తనూ ఉద్యోగం చూస్తా చూస్తా ఉండంగానే పాప పుట్టె, ఆ పాప బడికి పోయేంత ఆయె, ఈమె ఈ హవల్లీ ఫ్లాటులో మిగిలిపాయె. సారు పొద్దున్నే అల్ రాయ్‌లో ఆఫీసుకు పోతాడు, మాపటికి వచ్చి తిని, ఫోన్లో కార్ల రేట్లు చూస్తా చూస్తా నిద్రపోతాడు. మంచోడే. కత చదవమంటే “శుక్రవారం చదువుతాలే” అంటాడు. ఎన్ని శుక్రవారాలు వచ్చిపోయినాయో. రాసిన మనిషికి చదివే మనిషి కావాల గదా. ఇంట్లో ఇంకెవురున్నారు? నేనుండా. నాకేమో చదువు రాదు.

అందుకే నాకు అక్షరాలు నేర్పించింది. నవ్వొద్దు మే! మా నాయిన నన్ను గొర్రెల ఎనక పంపించినాడు. బడి ముందర నుంచే తోలకపోతాంటి, గొర్రెలన్నా రెండు మూడు తూర్లు లోపలికి పోయినాయి గానీ నేను పోలా. ఈయమ్మ ఇదే బల్ల మీద, నేను ఎల్లిగడ్డలు ఒలస్తాంటే, ఓ అంటే ఓడ, గ అంటే గడ్డం, క అంటే కత్తి, చ అంటే చెర అని నేర్పింది. పిల్లోళ్లకు అయితే ఆవు, ఇల్లు అని నేర్పుతారు. నాకు మొదట్నించీ దోపిడీనే. నేను సొంతంగా కూడబలుక్కోని చదివిన మొట్టమొదటి మాట ఏందనుకున్యావ్? “బందీ”. చదివి ఏడ్సినా. అర్థానికి కాదులే, అయ్యో నేను చదివితినే అని. ఆమె గూడా ఏడ్సింది. ఆ రుణం నేను తీర్చలేను, అది మాత్రం మనసులో పెట్టుకోని తక్కిన కత ఇను.

చదువు వచ్చినాక నాకు ఒగటే పిచ్చి. బయటికి పోతే బోర్డులన్నీ చూసేది. ఏముంటాది, అంతా అరబ్బీ, ఇంగ్లీషు. నేను నేర్చుకున్న అక్షరాలు ఈ దేశంలో పచ్చడి సీసా మీద, ఆమె ఫోన్లో తప్ప యాడా లేవు. పచ్చడి సీసా ఎన్ని తూర్లు చదువుతావ్? అందుకని గడ్డపాయన ఎంటబడినా.

కత ఏందంటావా. ఆయన వస్తాడు, ఊరు కాలుస్తాడు, పిల్లను భుజాన ఎత్తుకోని ఓడలో పడేస్తాడు. ఆడికి పోయినాక ఆ పిల్ల ఆయన ఇంట్లో రొట్టెలు కాల్చాల, గుర్రాలకు నీళ్లు పెట్టాల, ఆయనతో వచ్చిన ముప్పై మందికి వండాల. ఒగనాడు చలికి వణకతాంటే ఆయన వచ్చి ఎలుగుబంటి తోలు కప్పుతాడు. దాంతో పిల్లకు ప్రేమ పుట్టేస్తాది. నేను అడిగినా, “అమ్మా, ఊరు కాల్చింది గూడా ఈయనే గదా?” అని.

“అది వేరు అవ్వా, అతను మనసులో చాలా మంచివాడు” అనింది.

మనసులో మంచోళ్లు నాకూ తెలుసు మే. షువైఖ్ దిక్కు నేను పనిచేసిన మొదటి ఇల్లు. ఆ ఇంటి బాబా, అదే యజమాని, ఆయన గూడా మనసులో మంచోడే. వాకిలి దాటనిచ్చేవాడు కాదు, అంతే. పండగొస్తే గుడ్డలు పెట్టేవాడు. అప్పుడు ఊరికి ఫోన్ చేయాలంటే కార్డు కొనాల, ఆ కార్డు అట్లా చూస్తాంటేనే అయిపోయేది, “బాగుండావా, బాగుండా” అనేలోపల ఖలాస్. ఇప్పుడు మీరు గంటలు గంటలు బొమ్మ చూసుకోని మాట్లాడతారు. సరే, యాడికో పోతాండా.

నా బాధ ఏందో చెప్పల్ల గదా నీకు. మా మనవరాలు సుజాతకు ఇది మొదటి కానుపు. దానికి తల్లి లేదు. తల్లి అంటే నా కూతురే, పోయింది, ఆ మాట ఇప్పుడొద్దులే. పసిబిడ్డకు నీళ్లు పోయాలంటే కాళ్లు చాపుకోని, బిడ్డను కాళ్ల మీద పండేసుకోని, నూనె రుద్ది, వేన్నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టే మనిషి ఉండాల. దానికి నన్ను మించి ఎవురూ లేరు. “అవ్వా, నువ్వు వస్తేనే నేను కంటా” అనింది ఫోన్లో. ఆ మాటను పట్టుకోని నేను మేడంను సెలవు అడిగినా.

“తప్పకుండా అవ్వా, రంజాన్ అయిపోనీ” అనింది. అయిపాయె. “పాప పరీక్షలు అయిపోనీ” అనింది. అవీ అయిపాయె. ఇంగ మూడో తూరి ఏమనిందో తెలుసునా? “ఇంకొన్ని భాగాలే అవ్వా, కథ అయిపోనీ. నువ్వు లేకపోతే వంటతోనే సరిపోతుంది, ఇంక రాయలేను.” నా పాస్‌పోర్టు ఆమె బీరువాలో చీరల కింద పదిలంగా ఉండాది, నేను పోగొట్టుకుంటానని ఆమే పెట్టింది. అంటే చూడు, వెయ్యేండ్ల కిందటి గడ్డపాయన ఆ పిల్లను వదిలితేగానీ నేను విమానం ఎక్కేదానికి లేదు.

ఆ దినం నుంచి నేను కత చదివేది చూస్తే నీకు నవ్వొస్తాది. భాగం పెడితే చాలు, పొయ్యి తగ్గించి, ఏలు పెట్టి చదివేది. ఈసారన్నా పంపిస్తాడా, ఈసారన్నా పంపిస్తాడా అని. ఒగ భాగంలో ఆ పిల్ల చిన్న పడవ దొంగిలించి పారిపోయింది. నేను ఈ వంటింట్లో చప్పట్లు కొట్టినా. మరుసటి భాగంలో తుఫాను వచ్చి వెనక్కి తెచ్చి పడేసింది. నాకు అన్నం దిగలా. ఇంగో తూరి ఆయనే పంపిస్తా అన్యాడు, అంతలోనే ఆయనకు బాణం దెబ్బ తగిలి జ్వరం పట్టుకునె. ఆ పిల్ల సేవ చేస్తా ఉండిపాయె. నేను మేడంను అడిగినా, “అమ్మా, ఆ బాణం తగలకుండా ఉంటే బాగుండు గదా?” అని. “సస్పెన్స్ ఉండాలి కదా అవ్వా” అనింది. ఆడ సుజాతకు కాళ్లకు నీరు పట్టింది.

మే, ఇంగ నేనేం చేసినానంటే... నవ్వొద్దు. కత కింద చదివినోళ్లు మాటలు రాస్తారు చూడు, కామెంట్లు అంటారే, ఆడ నేనూ రాసినా. నా ఫోన్లోనే. చిక్కుడుకాయలు ఈనెలు తీసేది ఆపి, ఒగ ఏలుతో, ఒక్కొక్క అక్షరం ఎతుక్కోని. పేరు పెట్టమనింది ఫోను. నా పేరు పెడితే ఆమె చూస్తాది గదా. మా ఊరి పేరు పెట్టినా, కంపసముద్రం అని. ఏమని రాసినానంటే, “అమ్మా, ఆ పిల్లను ఇంటికి పంపించండి. ఆయన మంచోడైతే ఆయనే పడవలో తీసకపోయి దింపి రావాల. ఆడ దాని కోసం కాసుకోని ఉంటారు.”

మరుసటి దినం మేడం ఫోను పట్టుకోని వంటింట్లోకి పరిగెత్తుకోని వచ్చింది. “అవ్వా, చూడు, ఎవరో ఎంత బాగా రాశారో! కంపసముద్రం అట. కలంపేరు అయ్యుంటుంది. ముళ్ల సముద్రం! సముద్రం కథకి ఎంత ఆలోచించి పెట్టుకున్నారో కదా!”

“బాగుందమ్మా” అన్యా గిన్నె తోముతా. మా ఊర్లో సముద్రం యాడిది మే, తాగే నీళ్లకే ట్యాంకరు వస్తాది. ఆరేండ్లు ఈ ఇంట్లో ఉండా. నా ఊరి పేరు ఆమెకు తెలీదు. తప్పని కాదులే. ఆమె అడగలా, నేను చెప్పలా.

ఈ సంగతి సాల్మియాలో పనిచేసే మా రత్నమ్మకు చెప్పినా. అది ఊరుకుంటాదా! దానికి ఫోన్లో ఉండే ఆడోళ్ల గుంపు పెద్దది, అంతా మన దిక్కోళ్లే. రాజంపేట, రాయచోటి, ఆపక్క చిట్వేలు. పని అయిపోయినాక ఏం చూస్తారు, ఫోనే గదా. అందరూ కత మొదట్నించీ చదివి, ఒక్కొక్కరూ రాయబట్టిరి. ఆ పిల్లకు శుక్రవారం సెలవు ఇస్తాడా లేదా అని ఒకామె. ముప్పై మందికి ఒక్కతే ఎట్లా వండుతాది, ఇంగో మనిషిని పెట్టమని ఇంగొకామె. ఆ పిల్ల కాగితాలు ఎవురి దగ్గర ఉండాయి, ముందు అది చెప్పమని రత్నమ్మ. మేడం చదివి చదివి నవ్వింది. “వైకింగుల కాలంలో కాగితాలేంటి అవ్వా! అయినా ఎంతమంది చదువుతున్నారో చూడు, నా కథని!” అని ఎగిరింది. ఆ సంతోషం చూస్తే నాకూ సంతోషమే, ఏం చేయాల.

కానీ అందరూ కడాకు ఒగటే మాట రాస్తాండారు. పంపించు, పంపించు, పంపించు. ఆమె నవ్వు తగ్గిపాయె. ఒగ మధ్యాన్నం బయటంతా దుమ్ము గాలి, అదో ఆ కిటికీ కాడ కూచోని అనింది, “పంపించేస్తే కథ అయిపోతుంది కదా అవ్వా. అయిపోతే నేను పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి?”

నాకు అప్పుడు తెలిసింది మే. ఆ పిల్ల కిటికీలో నుంచి మంచు చూస్తా ఉంటాదని రాస్తాదే ప్రతి భాగంలో, ఈమె ఈ కిటికీలో నుంచి దుమ్ము చూస్తానే అదంతా రాసింది. ఎత్తకపోయేదానికి గడ్డపాయన గూడా లేడు పాపం, కార్ల రేట్లు చూసే సారు తప్ప. నేను పోయి ఆమె తల మీద చెయ్యి పెట్టినా. “ఇంకొగటి రాద్దువులేమ్మా. ఈ పిల్లను మాత్రం వదిలిపెట్టు” అన్యా.

వదిలిపెట్టింది. కడాపటి భాగంలో గడ్డపాయనే ఓడ కట్టించి, తనే తెడ్డు పట్టి, ఆ పిల్లను వాళ్ల రేవులో దింపినాడు. దింపి ఏమీ అడగలా. ఆ పిల్ల ఇసకలో నడిచి పోతాది, ఆయన గడ్డం తడిసిపోయి నిలబడతాడు. మేడం నాకు చదివి వినిపించి ఏడ్సింది. నేనూ బాగా ఏడ్సినా. మొహం తుడుచుకోని అడిగినా, “అమ్మా, కత అయిపాయె గదా?”

“అయిపోయింది అవ్వా.”

“మరి నా టికెట్టు?”

మరిచేపోయింది మే, నిజంగానే మరిచేపోయింది. “అయ్యో అవ్వా, ఇప్పుడే చూస్తాను” అని ఫోను తీసింది. “ఏ ఎయిర్‌పోర్టు దగ్గర నీకు? తిరుపతా, చెన్నైయా? మీ ఊరి పేరు చెప్పు, మ్యాపులో కొడతాను.”

“కంపసముద్రం అమ్మా” అన్యా.

ఆమె ఏలు ఆగిపాయె. లేచి లోపలికి పోయింది. బీరువా తెరిచిన సప్పుడు ఇనపడె. వచ్చి పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది, కలరా ఉండల వాసన కొడతాండాది. “నాతో ముందే చెప్పొచ్చు కదా అవ్వా” అనింది.

చెప్పినాను గదమ్మా, రంజాన్‌కు ముందు చెప్పినా, పరీక్షలకు ముందు చెప్పినా, నోటితో చెప్తే సరేలే అన్యావు, రాస్తేనే ఇన్యావు అని నాలిక చివర దాకా వచ్చింది. మింగేసినా. టికెట్టు ఇంకా చేతికి రాలేదు గదా.

ఇప్పుడు వచ్చింది. రేపు పోతాండా. బిడ్డ ఇంకా పుట్టలా, నా కాళ్లకోసమే ఆగి ఉండాదంట, సుజాత చెప్పె. అందుకే నిన్ను పిలిపించినారు నా బదులు. నీకు చదువు వచ్చు గదా? టెంత్ దాకానా? అయితే నీకు కష్టం లేదు, రెండు దినాల్లో ఫోను చేతికిస్తాది. కొత్త కత మొదలుపెట్టింది. ఈసారి ఎడారి దొర అంట, నల్ల గుర్రం, గుడారం. ఇంకా ఎవురినీ ఎత్తకపోలా. ఈ వారం ఎత్తకపోతాడేమో.

నీ పాస్‌పోర్టు ఏది మే? పొద్దున్నే ఇచ్చేసినావా ఆమెకు? ఆ... పదిలంగానే ఉంటాదిలే. చీరల కిందనే.

మీది ఏ ఊరని అడిగిందా? అడగలా? అడగకపోయినా చెప్పు. ఈ పొద్దే చెప్పు, టీ ఇచ్చేటప్పుడు, ఊరికే, మాటల్లో. మీ ఊరు యాడుండాది, ఏ దిక్కున, ఇంట్లో ఎవురెవురు కాసుకోని ఉండారు, అంతా చెప్పు. మంచి మనిషి, ఇంటాది. మరిచిపోతే మళ్లీ చెప్పు.

అదో, పిలస్తాంది. వస్తాండామమ్మా! పో తల్లీ, నువ్వే పో. టీలో పాలు తక్కువ, ఆకు ఎక్కువ ఆమెకు. సల్లగా ఉండు. నీ కత మాత్రం చిన్నదిగా ఉండాల, బిడ్డా, ఒగటి రెండు భాగాల్లో అయిపోవాల... ఆ మెంతాకు నేను గిల్లుతాలే, పో.