‘నేను’ అన్న మాటను మార్చని ఇనెస్త్రోసా గారు

1989 ఫిబ్రవరి ఆరవ తేదీన, అత్రాతో నది పొంగి మన కిబ్దో పట్టణపు వీధులు బురదమయమైన ఉదయాన, నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి హెర్మెన్సియా ఇనెస్త్రోసా గారు చెప్పులు చేతబట్టుకొని మన కళాశాల సాహిత్యశాఖలో అధ్యాపకురాలిగా ప్రవేశించారు. వారి మాతృమూర్తి శవజాగరణలలో శోకగీతాలు పాడే గాయని. ఆ గొంతే కుమార్తె కవిత్వమైంది.

నల్లజాతి స్త్రీల రచనలను పాఠ్యాంశంగా ప్రవేశపెట్టవలెనని వారు తొలినాళ్లలోనే కోరారు. “అది జానపదం, నృత్యశాఖను అడగండి” అని బదులు వచ్చింది. పిమ్మట శాఖాధ్యక్షులు మారారు, బల్లలు మారాయి, బదులు మారలేదు.

ఇనెస్త్రోసా గారి అనుమతితో ఒక్క సంఘటన చెబుతున్నాము. నల్లజాతి కవుల సంకలనం తెస్తున్న లిసాంద్రో గారు, మన జాతి సోదరులే, ఒకనాడు వారి వంటింటికి వచ్చి కూర్చున్నారు. భర్త చేతి దెబ్బలు తిన్న స్త్రీ తన గోడు తానే చెప్పుకొనే ఇనెస్త్రోసా గారి కవిత ఆయన చేతిలో ఉన్నది.

“అక్కా, కవిత అద్భుతం. ఈ ‘నేను’ తీసేసి ‘జాతిమాత’ అని పెడదాం. కొట్టినవాణ్ణి తెల్లదొరని చేద్దాం. మనింటి గుట్టు మనమే బయటపెట్టుకుంటామా?”

వారు బాణలిలో అరటికాయ ముక్కలు తిరగవేస్తూ అన్నారు: “తమ్ముడూ, దొర కొట్టినప్పుడు అందరం కలిసి ఏడ్చాం. మొగుడు కొడితే ఒక్కదాన్నే ఏడ్చా. జాతిమాతకి దవడ వాచదయ్యా, నాకు వాచింది.”

“అయితే పుస్తకంలో ఉండదక్కా.”

“పోతే పోనీ. వేడిగా ఉంది, ముందు తిను.”

సంకలనం ఆ కవిత లేకుండానే వెలువడింది. తరువాత స్త్రీల సంకలనం వారు “ఇది మీ జాతి సమస్య” అంటూ దానిని తిప్పి పంపారు. రెండు వాకిళ్ల నడుమ నిలబడి నిలబడి ఇనెస్త్రోసా గారు అలసిపోయారు. అచ్చుకు పంపడమే మానివేశారు.

నిరుడు నవంబరులో, విరమణకు కొద్ది మాసాల ముందు, ఆ పాఠ్యాంశానికి ఆమోదం లభించింది. బోధనాభారం పూర్వ విద్యార్థిని యాదిరా మెనా గారికి అప్పగించారు. ఆమె సంబరంగా పరుగెత్తుకొచ్చి, “మొదటి పాఠం మీరే చెప్పాలి టీచర్!” అన్నారు.

“సంతోషమే తల్లీ. చప్పట్లు కొట్టే ఓపిక కూడా లేదు నాకు. వెనక బెంచీలో కూర్చుంటా. నిద్రపోతే లేపకు.”

ఈ ఫిబ్రవరిలో యాదిరా గారు అచ్చుకు నోచుకోని ఆ కవితనే మొదటి పాఠంగా చదివారు. ఇనెస్త్రోసా గారికి నిద్ర రాలేదు. పక్కనున్న విద్యార్థిని, వారెవరో తెలియక, కళ్లు తుడుచుకుంటూ గొణిగింది: “రాసిందెవరో గానీ, అచ్చం మా అమ్మ మాటే.” వారు తమ పేరు చెప్పలేదు, ఆ పిల్ల చేతిమీద చెయ్యి వేసి, గంట కొట్టేవరకు తీయలేదు.

మోకాళ్ల నొప్పి శమించి, కంటినిండా కునుకు పట్టి, మనసైన నాడే కలం పట్టి, ఎవరికీ సంజాయిషీ చెప్పవలసిన అగత్యం లేక, శ్రీమతి ఇనెస్త్రోసా గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవింతురు గాక!