కంచె అవతల దోసతోట

అమెరికాలో ప్లాంట్ సిటీ అనే ఊరి శివారులో, డార్లీన్ స్ట్రాబెర్రీ చేను కంచెకి అవతల నిలబడి, పక్క రైతు వెండెల్ ఒక కాగితం, పెన్ను అందించాడు.

“మిస్ డార్లీన్, ఒక్క సంతకం.”

“మార్చిలో ‘ఏయ్’ అన్నావు. ఇవాళ మిస్ డార్లీన్‌ని అయ్యానా?”

“కరోనాకి హోటళ్లు మూతపడి, కొనేవాడు లేక దోసకాయలన్నీ చేలోనే దున్నేశాను కదా. ఫొటో తియ్యాలని తోచి చావలేదు. పక్క రైతు సాక్షి సంతకం లేకపోతే గవర్నమెంటు సాయం రాదట. రేపే ఆఖరు.”

“నీ కోల్డ్ రూమ్ సగం ఖాళీగా ఉన్నప్పుడు, నా పళ్లు రెండు రోజులు పెట్టుకోనివ్వమని ఇక్కడే నిలబడి బతిమాలాను.”

“అప్పుడు జబ్బు భయం. ఇంట్లో చంటిపిల్ల ఉంది.”

“తాళం వేసి ఏమన్నావు?”

అతను తల దించుకున్నాడు. “కంచె దరిదాపులకి రావద్దు, ఇటు కన్నెత్తి చూడొద్దు అన్నాను.”

“నా పళ్లు పెట్టెల్లోనే కుళ్లిపోయాయి.”

“తప్పయిపోయింది. కానీ నేను దున్నింది అబద్ధం కాదుగా! ట్రాక్టరు చప్పుడైనా వినే ఉంటావు.”

“విన్నాను. కాగితంలో ఏముందో చెప్పు.”

“‘కళ్లారా చూశాను’ అని ఉంది.”

అతను దున్నిన రోజు లేత కాయలు మట్టిలో చితికిపోతుంటే, డార్లీన్ వంటింటి కిటికీలోంచి ఆఖరి సాలు దాకా చూసింది.

పెన్ను మూత పెట్టి, కాగితంతో సహా కంచె మీదుగా తిరిగి ఇచ్చేసింది.

“నువ్వు చూడొద్దన్నావుగా, వెండెల్. నేను చూళ్లేదు.”