మొసలి నోట్లో తాతయ్య పళ్ళు

వేసవి సెలవులు. వంటింటి గుమ్మంలో అమ్మమ్మ. ఎదురుగా మోచేతుల దాకా బంకమట్టితో ఆరేళ్ళ మనవరాలు.

"చేతులు వెనక్కి దాచకు. తాతయ్య పళ్ళసెట్టు ఏదే?"

"ఏ పళ్ళసెట్టు?"

"ఎన్నున్నాయేమిటి ఇంట్లో! ఫోటో కోసమని నేనే తోమి గ్లాసులో పెట్టాను. నీళ్ళున్నాయి, పళ్ళు లేవు. నడిచెళ్ళాయా?"

"నేను మట్టితో మొసలి చేశాను అమ్మమ్మా. తోక చూశావంటే జడుసుకుంటావు."

"తోక సంగతి తర్వాత. పళ్ళు?"

"మొసలికీ ఉన్నాయి పళ్ళు."

"దేంతో పెట్టావు, సుద్దముక్కలతోనా?"

"ఊహూఁ."

"గవ్వలతోనా?"

"ఊహూఁ."

"ఓసి నీ అసాధ్యం కూలా! తాతయ్యవి పెట్టావా!"

"కొలిచినట్టు సరిపోయాయి!"

"సరిపోవూ మరి! ఇంకాసేపట్లో ఫోటోగ్రాఫరు వస్తాడే. మా పెళ్ళి ఫోటోలో మీ తాతయ్య, భోజనం ఆలస్యమైందని మూతి ముడుచుక్కూర్చున్నాడు. మా చెల్లెలు ఇప్పటికీ అది చూసి 'బావకి కడుపునొప్పా' అంటుంది. బతిమాలి బామాలి, ఇన్నేళ్ళకి నవ్వుతూ ఒక్క ఫోటోకి ఒప్పించుకున్నాను. ఇప్పుడేం కనబడతాయి, చిగుళ్ళా?"

"నువ్వేగా రోజుకో బొమ్మ చెయ్యమన్నావు, రోజుకో మంచి పని చెయ్యమన్నావు. రెండూ ఒక్కసారే అయిపోయాయి."

"మొసలికి పళ్ళు పెట్టడం మంచి పనా?"

"అబ్బా, మొసలికి కాదు. పక్కింటి బుడంకాయకి."

"వాడికేమొచ్చింది?"

"ముందు పళ్ళు ఊడిపోయాయిగా. పిల్లలందరూ తొర్రోడా, తొర్రోడా అంటున్నారని మంచం కింద దూరాడు. అన్నానిక్కూడా రాలేదు."

"అయ్యో, నా తండ్రే! వాళ్ళమ్మ నాతో అననే లేదు. అయితే?"

"అయితే తాతయ్య వెళ్ళాడు."

"ఎక్కడికి?"

"మంచం కిందికి."

"ఆ నడుంనొప్పితోనా!"

"వెళ్ళేముందు తనే గ్లాసులోంచి పళ్ళు తీసి నాకిచ్చాడు. మీ అమ్మమ్మ చూస్తే తగిలించేస్తుంది, ఎక్కడన్నా దాచెయ్యమన్నాడు. మొసలి నోట్లో ఎవరు వెతుకుతారు చెప్పు?"

"ఇద్దరూ ఇద్దరే! ఇప్పుడేం చేస్తున్నారు అక్కడ?"

"ఒకళ్ళ నోట్లోకి ఒకళ్ళు చూసుకుని నవ్వుతున్నారు. మంచం ఊగిపోతోంది."

"నవ్వుతున్నాడా? మీ తాతయ్యా?"

"పడీ పడీ! వాడు అన్నం కూడా తింటున్నాడు. కానీ బయటికి మాత్రం రాడట."

"ఇంకా ఏం రోగం?"

"తొర్రోళ్ళం మనిద్దరమే ఉన్నాం తాతా, ఇంకొక్కళ్ళుంటే వస్తానంటున్నాడు. నేను నా పన్ను లాగి చూశాను. రాలేదు."

"నీ పన్ను జోలికెళ్ళకు! పెద్దవాళ్ళెవర్నన్నా..."

"నువ్వు పనికిరావులే అమ్మమ్మా. నీకన్నీ ఉన్నాయి."

"...ఆ తలుపు వెయ్యి."

"ఎందుకు?"

"వెయ్యమన్నానా! ఇటు రా. దోసిలి పట్టు. కెవ్వుమన్నావో, చూడు."

"అమ్మమ్మా! నీవి కూడా ఊడొచ్చేశాయి!"

"ఉఫ్... అలవకే! మీ తాతయ్యక్కూడా తెలీదు ఇన్నాళ్ళూ. ఇవీ ఆ మొఫలి నోట్లోనే పెట్టి, ఫోటోగ్లాఫల్ని నేలుగా మంచం కిందికి లమ్మను."